ప్రాదేశిక సైన్యము: ఊరి నుండి వెళ్ళి ఊరికి తిరిగివచ్చు సైనికుడు

2025వ సంవత్సరము మే నెలలో, సరిహద్దున పరిస్థితి ఉద్రిక్తముగా నున్న దినములలో, కేంద్రప్రభుత్వము ఒక ఉత్తర్వు జారీ చేసినది. ప్రాదేశిక సైన్యమునందలి ప్రతి అధికారిని, ప్రతి సైనికుని అవసరమును బట్టి సేవకు పిలుచుటకు భూసైన్యాధిపతికి దానివలన అధికారము కలిగినది. ఆ సైన్యమునకు గల 32 పదాతి పటాలములలో 14 పటాలములను సేవలోనికి తీసుకొనుటకు అనుమతి లభించినది. ఉత్తర్వు గడువు 2028 ఫిబ్రవరి 9వ తేదీ వరకు అని చూపబడినది.

ఆ వార్త పత్రికలలో వచ్చిన కొన్ని వారములకు నేనొక గ్రామమున పంచాయతీ సమావేశమునకు వెళ్ళితిని. ఆనాటి చర్చ తాగునీటి పథకమును గురించి. అది ముగిసిన పిదప సర్పంచిగారు నన్ను ప్రక్కకు పిలిచి ఒక యువకుని చూపిరి. అతడు సమీప పట్టణమునందలి ఒక నూలుమిల్లులో పనిచేయుచు, మూడేండ్ల క్రిందట ప్రాదేశిక సైన్యమున చేరినవాడు. పటాలము నుండి పిలుపు వచ్చినది. వెళ్ళుటకు అతనికి జంకు లేదు. అతని భయము వేరు.

"అయ్యా, వీడు ఏడాదికో రెండేళ్ళకో తిరిగివస్తాడు. ఈలోగా మిల్లువాళ్ళు వీడి పని ఇంకొకరికి ఇచ్చేస్తే మేము ఎవరిని అడగాలండీ? 'వెళ్ళేవాడివి రాజీనామా రాసిచ్చి వెళ్ళు' అని మేస్త్రీ అప్పుడే అంటున్నాడట" అనిరి సర్పంచిగారు.

ఆ యువకుడు నావైపు చూడక సర్పంచిగారినే, "రాసెయ్యమంటావా బాబాయ్?" అని అడిగెను.

ప్రభుత్వ సమాచారశాఖలో ఇన్నేండ్లు పనిచేసియు ఆ క్షణమున నేను సరియైన సమాధానము చెప్పలేకపోతిని. రాజీనామా మాత్రము వ్రాయవద్దని చెప్పి, తిరిగివచ్చి చట్టము తెప్పించుకొని చదివితిని. ఆ యువకుని ప్రశ్నకు చట్టమున స్పష్టమైన సమాధానము కలదు. అయితే ఆ సమాధానము అక్కడకు ఎట్లు వచ్చి చేరినదో తెలియుటకు ఈ సైన్యము పుట్టుపూర్వోత్తరములు కొంత తెలిసికొనవలసియున్నది.

దేశమునకు నిత్యసైన్యము ఒకటి ఉండును. అందలి సైనికునకు సైన్యమే వృత్తి. దానికి తోడుగ, సామాన్యకాలమున పొలములోనో, కార్ఖానాలోనో, కచ్చేరీలోనో తమ తమ పనులు చూచుకొనుచు, ఏటా కొంతకాలము శిక్షణ పొంది, అవసరము వచ్చినప్పుడు ఆయుధము పట్టువారితో కూడిన సైన్యము ఇంకొకటి ఉండును. మన దేశమున ఈ రెండవదానినే ప్రాదేశిక సైన్యమందురు. టెరిటోరియల్ ఆర్మీ అను పేరు ఎక్కువ మందికి పరిచితము. లక్షలాది సైనికులను సంవత్సరము పొడుగున పోషించుట ఏ ఖజానాకైనను భారమే. శిక్షణ పొందిన పౌరులను చేతిలో ఉంచుకొనినచో ఆ భారము తగ్గుటయే గాక, ఆపద వచ్చిననాడు నిత్యసైన్యమును వంతెనలు, చమురు నిలువలు, రైలుమార్గములు కాచు పనినుండి విడిపించి సరిహద్దునకు పంపుటకు వీలు కలుగును.

ఇట్టి పౌరసైన్యము మన దేశమున మొదట మనకొరకు పుట్టలేదు. 1857 నాటి తిరుగుబాటు కాలమున ఇక్కడి ఐరోపావారును, ఆంగ్లో ఇండియనులును స్వచ్ఛంద దళములుగా ఏర్పడిరి. వానిలో భారతీయునకు ప్రవేశము లేదు. పైపెచ్చు 1878 నాటి ఆయుధముల చట్టము భారతీయుని చేతిలో అనుమతిపత్రము లేని తుపాకి ఉండుటయే నేరమని శాసించెను. తన ఊరిని తాను కాపాడుకొను హక్కు లేని ప్రజకు స్వపరిపాలన హక్కు ఎట్లు వచ్చునని ఆనాటి నాయకులు ప్రశ్నించిరి. మొదటి ప్రపంచయుద్ధమున మన సైనికులు ఫ్రాన్సులోను, మెసపొటేమియాలోను ప్రాణములొడ్డిన పిమ్మట ఆ ప్రశ్నను త్రోసిపుచ్చుట ప్రభుత్వమునకు కష్టమయ్యెను.

1920లో ఇండియన్ టెరిటోరియల్ ఫోర్స్ చట్టము వచ్చెను. దానితో మొదటిసారిగా సామాన్య భారతీయుడు తన వృత్తి వదలకయే సైనిక శిక్షణ పొందు అవకాశము కలిగెను. కాని భేదభావము పోలేదు. ఐరోపావారికి, ఆంగ్లో ఇండియనులకు సహాయక దళమని వేరొకటి ఏర్పరచిరి. భారతీయులకు మాత్రమే ప్రాదేశిక దళము. కళాశాల విద్యార్థులకు విశ్వవిద్యాలయ శిక్షణ దళములు ఉండెను. 1948లో ఏర్పడిన నేషనల్ కేడెట్ కోర్‌కు, అనగా మన పిల్లలు ఉన్నత పాఠశాలలో ఖాకీ దుస్తులు తొడిగి కవాతు చేయు ఎన్.సి.సి.కి, ఆ దళములే పూర్వరూపము.

ఇక్కడ తెలుగువారికి సంబంధించిన ముచ్చట ఒకటి కలదు. 18వ శతాబ్దమున కుంపిణీవారు తమ మద్రాసు సైన్యములోనికి తెలుగువారిని విరివిగా చేర్చుకొనిరి. ఎంతగా ననగా, ఉత్తర హిందూస్థానమున సిపాయిని, అతడేప్రాంతమువాడైనను సరే, 'తిలంగా' అని పిలుచు అలవాటు పడెను. అంతటి పేరుగల మద్రాసు పటాలములను, దక్షిణాదివారు యుద్ధమునకు తగిన జాతులు కారను ఒక విచిత్రమైన వాదముతోను, పొదుపు పేరుతోను, మొదటి ప్రపంచయుద్ధము తరువాత ఒక్కొక్కటిగా రద్దుచేసిరి. 1930 దాటిన కొలది కాలమునకు ఆ నిత్యసైనిక పటాలములేవియు మిగులలేదు. మిగిలినవి ప్రాదేశిక పటాలములు మాత్రమే. రెండవ ప్రపంచయుద్ధము వచ్చి దక్షిణాది సైనికులు మరల కావలసివచ్చినప్పుడు, ఈ ప్రాదేశిక పటాలములను నిత్యసైన్యముగా మార్చి, వానిని పునాదిగా చేసికొని నేటి మద్రాసు రెజిమెంటును నిలబెట్టిరి. ఏటా నెలరోజులు శిక్షణ పొంది ఇంటికి పోవు పౌరసైనికులు ఒక పాతపటాలము పేరును ఆరిపోకుండ కాపాడిరి. ఈ సంగతి మన పాఠ్యపుస్తకములలో కనబడదు.

స్వాతంత్ర్యము వచ్చునప్పటికి సైన్యము కూడ దేశముతో పాటు రెండుగా చీలిపోయియుండెను. కాశ్మీరమున యుద్ధము సాగుచుండెను. అట్టి స్థితిలో 1948లో ప్రాదేశిక సైన్య చట్టము చేయబడినది. 1949 అక్టోబరు 9వ తేదీన నాటి గవర్నరు జనరలు చక్రవర్తి రాజగోపాలాచారిగారు ఈ సైన్యమును లాంఛనముగా ప్రారంభించిరి. నేటికిని ఆ దినమే ప్రాదేశిక సైన్య దినోత్సవము. జాతిభేదముతో కూడిన పాత ఏర్పాటు అంతటితో అంతరించెను.

తొలినాళ్ళలో ఇందు పదాతి దళములే గాక విమాన విధ్వంసక దళములు, ఇంజనీర్లు, సంకేత దళములు, వైద్య దళములు, సముద్రతీర రక్షణ ఫిరంగి దళములు సైతము ఉండెను. 1962, 1965, 1971 సంవత్సరముల యుద్ధములలో ఈ సైన్యము పాల్గొన్నది. 1972 నాటికి పదాతి దళములు తప్ప తక్కినవి చాలవరకు రద్దయినవి, లేదా నిత్యసైన్యములో కలిసిపోయినవి. ఆ పిమ్మట శ్రీలంకకు వెళ్ళిన మన శాంతిరక్షక దళముతోను, పంజాబు, జమ్మూ కాశ్మీరు, ఈశాన్య రాష్ట్రములలోను ఈ పదాతి పటాలములు పనిచేసినవి. 1991 ఉత్తరకాశీ భూకంపము, 1993 లాతూరు భూకంపము, 1999 ఒరిస్సా పెనుతుపాను వేళలలో సహాయకార్యములకు దిగినవి. మన ప్రాంతమునకు సంబంధించి చెప్పవలెనన్న, 125వ పదాతి పటాలమునకు సికిందరాబాదు స్థావరము.

ఇవిగాక శాఖాపర దళములు వేరుగా కలవు. చమురు సంస్థలలోను రైల్వేలలోను పనిచేయు ఉద్యోగులే వీనిలో సైనికులు. యుద్ధమువలననో, మరి యే సంక్షోభమువలననో పని ఆగిపోవు ప్రమాదమున్నప్పుడు చమురు పారించుట, రైళ్ళు నడుపుట వీరి విధి. 1974 మే నెలలో జరిగిన రైల్వే సమ్మెలో రైళ్ళు నడిపించుటకు ప్రభుత్వము ప్రాదేశిక సైన్యమును వినియోగించినది. నిన్నటివరకు ప్రక్కప్రక్కన పనిచేసినవారు సమ్మెలో నిలువగా తాను యూనిఫారము తొడిగి బండి నడుపుట ఆ సైనికునకు సులభమైన పని అయియుండదు. పౌరుడును సైనికుడును ఒకే మనిషి అయినప్పుడు ఇట్టి ఇరకాటములు తప్పవు. ఈ విషయమును దాచవలసిన పనియు లేదు. రైల్వే దళములు ఆరు ఉండగా, సికిందరాబాదు దళముతో సహా ఐదింటిని రద్దుచేసి బీహారునందలి జమాల్‌పూరు దళమును మాత్రము నిలుపవలెనని ఇటీవలి సంవత్సరములలో నిర్ణయము జరిగినది.

ఇక గ్రామపంచాయతీలు మిక్కిలి శ్రద్ధతో చూడదగిన పని యింకొకటి కలదు. అది పర్యావరణ పటాలముల పని.

డెహ్రాడూను, ముస్సోరీ కొండలలో సున్నపురాయి కొరకు దశాబ్దముల తరబడి త్రవ్వకములు జరిగెను. కొండలు తెల్లగా బోడులయ్యెను. ఊటలు ఎండెను. వర్షము పడినప్పుడెల్ల రాళ్ళును బురదయు క్రింది పొలములపైకి దిగజారెను. అటవీశాఖ మొక్కలు నాటినను పశువులు మేయుటచేతను, వంటచెరకుకొరకు నరుకుటచేతను నిలిచినవి తక్కువ. 1982 డిసెంబరు 1వ తేదీన ఆ పనికొరకే 127వ పదాతి పటాలము ఏర్పడినది. అందులో చేరినవారు గఢ్వాలు ప్రాంతపు మాజీ సైనికులు. ఆ కొండలు వారి సొంత కొండలు. ఏ నేలలో ఏ చెట్టు నిలుచునో, ఏ దారిన మేకలు వచ్చునో వారికి ఒకరు చెప్పనక్కరలేదు. మొక్కలను, సామగ్రిని అటవీశాఖ సమకూర్చగా వీరు గోతులు త్రవ్వి, మొక్కనాటి, రాతి అడ్డుకట్టలు కట్టి, నాటినచోటనే కొన్ని ఏండ్లు కాపలా ఉండిరి. అసలు రహస్యము ఈ కాపలాయందే ఉన్నది. మొక్కలు నాటు కార్యక్రమము మన ఊళ్ళలో ఏటేటా జరుగుచునే యున్నది. రెండవ వేసవిలో దానికి నీరు పోయువాడెవడు అనునదే ప్రశ్న.

ఆ మరుసటి సంవత్సరము రాజస్థానమున 128వ పటాలము ఏర్పడి, ఎడారిలో ఇందిరాగాంధీ కాలువ వెంబడి ఇసుకతిన్నెలు కదలకుండ చెట్లవరుసలు పెంచినది. ఇసుక కాలువలో నిండినచో కోట్ల వ్యయముతో తెచ్చిన నీరు పొలమునకు చేరదు గదా. ఢిల్లీ సమీపమున పాడుబడిన భాటీ గనులలో 132వ పటాలము అడవిని పెంచినది. మహారాష్ట్రలోని కరవు ప్రాంతమైన మరాఠ్వాడాకొరకు 2017లో 136వ పటాలము ఏర్పడినది. గంగానది పరిరక్షణకొరకు ప్రయాగరాజ్‌లో వేరొక పటాలమున్నది. ఆయా ప్రాంతముల మాజీ సైనికులకు పింఛనుతో పాటు గౌరవమైన పని దొరకుట ఇందులోని రెండవ ప్రయోజనము. మన గ్రామములలో ముప్పదియైదు, నలువది ఏండ్లకే సైన్యమునుండి విడుదలయి వచ్చి, కాపలాదారు ఉద్యోగములకై పట్టణముల వెంట తిరుగువారు ఎందరున్నారో మీకు నాకంటె బాగుగా తెలియును.

ఈ సైన్యమున చేరుటకు నియమములు క్లుప్తముగా చెప్పెదను. వయస్సు 18 మొదలు 42 ఏండ్ల వరకు. అధికారిగా చేరువాడు పట్టభద్రుడై, వేరొక జీవనోపాధి కలవాడై యుండవలెను. సైనికుడుగా చేరువానికి సాధారణముగా పదవతరగతి ఉత్తీర్ణత కావలెను. కొన్ని చేతివృత్తుల కొలువులకు ఎనిమిది చాలును. నిత్యసైన్యములోను, పోలీసులోను, పారామిలిటరీ దళములలోను పనిచేయుచున్నవారికి అర్హత లేదు. స్త్రీలకు ప్రవేశము నిరాకరించుట చెల్లదని, చట్టములోని 'ఎవరైనను' అను మాటలో స్త్రీలు కూడ చేరుదురని ఢిల్లీ హైకోర్టు 2018 జనవరిలో తీర్పు చెప్పినది.

ధోనీని చూచి ఈ సైన్యము పేరు విన్న యువకులు చాలమంది కలరు. ఆయనకు 2011లోను, కపిల్‌దేవ్‌కు 2008లోను గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా లభించినది. ధోనీ 2019లో కాశ్మీరమున తన పటాలముతో పక్షము రోజులు గడిపివచ్చెను. ప్రసిద్ధులకు ఇచ్చునది గౌరవము. మన ఊరి యువకుడు చేరునది సేవ. మొదటి సంవత్సరము శిక్షణ, ఆ తరువాత ఏటా రెండు నెలల వరకు శిబిరము, పిలుపు వచ్చినప్పుడు నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి విధినిర్వహణ ఉండును. సేవలో నున్నంతకాలము నిత్యసైనికునితో సమానముగా జీతభత్యములు లభించును. ఇంటివద్ద నున్నకాలమునకు జీతము లేదు. పింఛను రావలెనన్న పిలుపుమీద పనిచేసిన కాలము మొత్తము సైనికునకు 15 ఏండ్లు, అధికారికి 20 ఏండ్లు కావలెను. కనుక దీనిని నిత్యోద్యోగమని నమ్మి పొలము కౌలుకిచ్చి, ఉన్న పని మానుకొని చేరుట అవివేకము. ఆ విధముగా మోసపోయినవారు కలరు. మోసము చేసినది సైన్యము కాదు, దళారి. భర్తీ శిబిరము ప్రకటన రాగానే 'నీ పేరు వ్రాయించెదను, ఇంత యిమ్ము' అనువాడొకడు ఊరిలో బయలుదేరును. భర్తీకి రుసుము లేదు. శారీరక పరీక్ష, వైద్యపరీక్ష, వ్రాతపరీక్షలే దారి. భర్తీకి వెళ్ళువారిని సాధారణముగా సర్పంచి ఇచ్చిన సత్ప్రవర్తన పత్రము అడుగుదురు. అది ఆరునెలలకు లోబడినదై, ఛాయాచిత్రము అంటించి ముద్ర వేసినదై యుండవలెను. ముద్ర సరిగా పడలేదని తిరిగివచ్చిన కుర్రవాని బస్సుచార్జీలు ఎవరిత్తురు?

హోంగార్డులను, దీనిని ఒకటిగా భావించువారున్నారు. అది పొరపాటు. హోంగార్డుల సంస్థ 1946 డిసెంబరులో బొంబాయిలో ఆరంభమై, 1962 తరువాత దేశమంతట వ్యాపించినది. అది రాష్ట్రప్రభుత్వము అధీనమున పోలీసులకు సహాయపడును. ప్రాదేశిక సైన్యము కేంద్ర రక్షణశాఖకు చెందినది, నిత్యసైన్యములో అంతర్భాగము.

ఇప్పుడు నూలుమిల్లు యువకుని ప్రశ్నకు వత్తము. 1948 నాటి చట్టములో 7వ సెక్షను సైనికుని బాధ్యతను చెప్పును. పౌరాధికారులకు సహాయముగా గాని, ముఖ్యస్థలముల కాపలాకు గాని, నిత్యసైన్యమునకు తోడుగా గాని పిలిచినప్పుడు అతడు రావలెను. కేంద్రప్రభుత్వపు ఆజ్ఞ లేనిదే అతనిని దేశపు ఎల్లలు దాటించి పంపరాదు. ఇది అతడు దేశమునకు ఇచ్చిన మాట.

దాని వెంటనే వచ్చు 7-ఎ సెక్షను దేశము అతనికి ఇచ్చిన మాట. పిలుపు మీద వెళ్ళు ఉద్యోగికి యజమాని అవసరమైన సెలవు ఈయవలెను. అతడు సేవ ముగించి వచ్చినప్పుడు, వెళ్ళకుండ ఉన్నచో ఎట్టి షరతుల మీద పనిచేయుచుండెడివాడో అంతకు తగ్గని షరతుల మీద తిరిగి పనిలోనికి తీసుకొనవలెను. తీసుకొననని యజమాని నిరాకరించినను, లేక అది సాధ్యము కాదని వాదించినను, విషయమును ప్రభుత్వము నియమించిన అధికారి ముందుంచవచ్చును. యజమాని చెప్పు కారణము సబబైనదా కాదా అని తీర్పు చెప్పువాడు ఆ అధికారియే. ఉత్తర్వును ధిక్కరించిన యజమానికి శిక్ష కలదు. 7-బి సెక్షను, సేవాకాలమున అతని భవిష్యనిధివంటి హక్కులు చెడకుండ కాపాడును.

ఇన్ని రక్షణలును ఒక్క కాగితముతో వమ్మగును. అదియే రాజీనామా. తానుగా ఉద్యోగము వదులుకొన్నవానిని తిరిగి తీసుకొనవలెనని అడుగుట కష్టము. మేస్త్రీకి ఈ సంగతి తెలిసి అన్నాడో, తెలియక అన్నాడో మనము చెప్పలేము. తెలియకయే అనియుండుననుట న్యాయము.

మరల ఆ గ్రామమునకు వెళ్ళినప్పుడు ఈ సెక్షను నకలు తీసికొనిపోయితిని. సర్పంచిగారు, ఇద్దరు వార్డుసభ్యులు, ఆ యువకుడు కలిసి మిల్లు కార్యాలయమునకు వెళ్ళిరి. వెంట తీసికొనిపోయినవి మూడే కాగితములు: పటాలమునుండి వచ్చిన పిలుపు ఉత్తర్వు నకలు, 7-ఎ సెక్షను ఉదాహరించిన సెలవు దరఖాస్తు, అందినట్లు సంతకము చేయించుకొనుటకు దాని రెండవ ప్రతి. అధికారి మొదట చదివి, లోపలికి వెళ్ళి ఎవరితోనో మాటాడి, అరగంటకు వచ్చి రెండవ ప్రతిమీద సంతకము చేసి ముద్ర వేసెనట. వాగ్వాదమేమియు జరుగలేదు.

పొలము సంగతి మిగిలినది. అతనికి గల ఎకరమున్నరను తమ్ముడు చూచుకొనుటకు అంగీకరించెను. సహకార సంఘములో ఉన్న పంటరుణము వాయిదాను గురించి ఏమి చేయవలెనో అడుగుటకు సర్పంచిగారు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు స్వయముగా వ్రాసిరి. సంతకమైన ఆ రెండవ ప్రతిని యువకుడు పటాలమునకు తీసికొనిపోలేదు. అచ్చట పోవునేమోనని పంచాయతీ బీరువాలో పెట్టించి, తాళము వేసినంతవరకు నిలుచుండి చూచి, ఆ రాత్రి బండికి బయలుదేరెను.